తప్పు ఒప్పుకుంటే ఏమవుతుందో చూడండి

ప్రశ్న: నా వయసు 24. సాఫ్ట్‌వేర్ డెవలపర్‌గా ఇది మొదటి ఉద్యోగం, చేరి ఏడాదిన్నర అవుతోంది. పని ఇష్టమే. కానీ ఆఫీసు పేరు వింటే కడుపులో తిప్పుతోంది. నా కోడ్ రివ్యూకి పెడితే మా టీమ్ లీడ్ అందులో ఒక ముక్క స్క్రీన్‌షాట్ తీసి గ్రూపులో పెట్టి "ఇది రాసిన మహానుభావులెవరు?" అంటారు. అందరూ నవ్వే బొమ్మలు పెడతారు. రాత్రి పదకొండింటికి మెసేజ్ వస్తుంది. వెంటనే జవాబు ఇవ్వకపోతే మర్నాడు స్టాండప్‌లో (రోజూ జరిగే చిన్న టీమ్ మీటింగ్) దెప్పుతారు. రెండు నెలల క్రితం నేను చేసిన డిప్లాయ్ (కొత్త కోడ్‌ని అమల్లోకి పెట్టడం) వల్ల ప్రొడక్షన్, అంటే జనం వాడే అసలు సిస్టమ్, దాదాపు గంటసేపు ఆగిపోయింది. ఇరవై మంది ఉన్న మీటింగ్‌లో నా పేరు చెప్పి మరీ కడిగేశారు. అప్పటినుంచి చిన్న మార్పు చేయాలన్నా చెయ్యి వణుకుతోంది. సందేహం వచ్చినా ఎవర్నీ అడగడం లేదు. స్నేహితులు "ఎక్కడైనా ఇంతే, రెండేళ్లు ఓర్చుకో" అంటున్నారు. ఇంట్లోవాళ్లదీ అదే మాట. ఇంకో సంగతి చెప్పాలి. పోయిన వారం కొత్తగా చేరిన అమ్మాయి ఏదో అడిగితే "ఇది కూడా తెలియదా?" అన్నాను, అచ్చం మా లీడ్ గొంతుతో. నాకే భయం వేసింది. ఉండాలా, మానెయ్యాలా? లేక నేనే మరీ సున్నితమా?
(పేరు వేయొద్దు అన్నారు)

సమాధానం: మీ చివరి ప్రశ్నతోనే మొదలుపెడతాను. మీరు సున్నితమో మొరటో నాకు తెలియదు. తెలిసినా నా సలహా మారదు. మీ ఉత్తరం చదువుతుంటే స్క్రీన్‌షాట్ దగ్గరా ఆగలేదు, మీటింగ్ దగ్గరా ఆగలేదు. మధ్యలో ఎక్కడో మామూలుగా రాసేసిన మాట దగ్గర ఆగాను: "సందేహం వచ్చినా ఎవర్నీ అడగడం లేదు." మాటలు పడ్డ మనసు చోటు మారితే తేరుకుంటుంది. అడగడం మానేసిన అలవాటు మాత్రం ఏ ఆఫీసుకి మారినా వెంట వస్తుంది. ఏడాదిన్నర అనుభవం ఉన్నవాళ్లకి ఒక గొప్ప వెసులుబాటు ఉంటుంది. ఏదైనా అడగొచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు. పదేళ్లయ్యాక అడగాలంటే మొహమాటం అడ్డొస్తుంది. మీ టీమ్ మీ దగ్గర్నుంచి లాక్కున్నది ఆ వెసులుబాటుని.

పనిచేసే చోటు మంచిదా చెడ్డదా అని తేల్చడానికి జనం రకరకాల లెక్కలు వేస్తారు. ఎన్ని గంటలు చేయిస్తున్నారు, లీడ్ గొంతు ఎంత పెద్దది, సెలవు అడిగితే మొహం ఎలా పెడతారు. నేను మాత్రం ఒక్కటే చూస్తాను. అక్కడ ఎవరైనా "ఈ తప్పు నాదే" అనో, "ఇది నాకు తెలియదు" అనో అంటే ఆ తర్వాత పది నిమిషాలు ఏం జరుగుతుంది? అందరి చూపూ తప్పు మీదికి వెళితే అది కష్టమైన చోటు కావచ్చు, అయినా ఉండదగిన చోటే. అందరి చూపూ ఆ మనిషి మీదికి వెళితే ఇక అక్కడ నిజం చెప్పేవాళ్లు మిగలరు.

గట్టిగా మాట్లాడే లీడ్లందరూ దుర్మార్గులు కారు, ఈ మాట మీకు చెప్పకపోతే అన్యాయమవుతుంది. "ఇది ఇలా కుదరదు, మొత్తం మళ్లీ రాయండి" అని మొహం మీదే చెప్పి, పక్కన కూర్చుని ఎందుకు కుదరదో అరగంట చూపించేవాళ్లుంటారు. వాళ్ల దగ్గర పనిచేస్తుంటే కొన్ని సాయంత్రాలు ఏడుపొస్తుంది. రెండేళ్లు తిరిగేసరికి మీరు రాసే కోడే వేరుగా ఉంటుంది. మీ లీడ్ పెట్టే స్క్రీన్‌షాట్‌తో ఆ అరగంట రావడం లేదు, నవ్వే బొమ్మలు మాత్రమే వస్తున్నాయి.

దీని మీద ఒక పరిశోధన ఉంది, చాలామంది మేనేజర్లు పేరు విని ఉంటారు గానీ లోపల ఏముందో చదివి ఉండరు. ఎమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు 1990లలో ఆస్పత్రుల్లో మందులిచ్చేటప్పుడు జరిగే పొరపాట్లను అధ్యయనం చేశారు. మంచి బృందాల్లో పొరపాట్లు తక్కువ ఉంటాయని ఎవరైనా అనుకుంటారు, ఆవిడా అలాగే అనుకున్నారు. తీరా లెక్కలు చూస్తే తలకిందులుగా వచ్చాయి. బాగా కలిసి పనిచేసే బృందాల్లోనే ఎక్కువ పొరపాట్లు నమోదయ్యాయి. కారణం తవ్వితే తేలిందేమిటంటే, ఆ బృందాల్లో జరిగిన పొరపాటుని జరిగినట్టు చెబుతున్నారు. మిగతా చోట్ల భయపడి నోరు మూసుకుంటున్నారు. 1999లో ఆవిడ ప్రచురించిన పరిశోధన పత్రం తర్వాత "సైకలాజికల్ సేఫ్టీ" (తప్పు ఒప్పుకున్నా, తెలియదన్నా తనకేమీ కాదన్న భరోసా) అన్న మాట అందరి నోళ్లలో నానింది. గూగుల్ 2012లో తన సొంత బృందాల మీదే ప్రాజెక్ట్ అరిస్టాటిల్ పేరుతో అధ్యయనం మొదలుపెట్టి, బాగా పనిచేసే బృందాల లక్షణాల్లో మొదటి స్థానం దీనికే ఇచ్చింది.

భయం కోడ్‌లోకి ఎలా దిగుతుందో చెప్తాను, మీకు ఎక్కడైనా తగిలితే గుర్తుపట్టండి. నాలుగు చిన్న మార్పులు విడివిడిగా పెట్టాల్సిన చోట, నాలుగుసార్లు మాట పడటం ఎందుకని అన్నీ కలిపి ఒకే పుల్ రిక్వెస్ట్ (కోడ్ మార్పుల్ని రివ్యూకి పంపే అభ్యర్థన) పెడతారు. ఎనిమిది వందల లైన్లు ఎవరూ సరిగా చదవరు, "బాగుంది" అని నొక్కేస్తారు. టెస్ట్ ఫెయిలైతే ఎందుకని వెతక్కుండా మళ్లీ రన్ చేస్తారు, రెండోసారి పాసైతే హమ్మయ్య అనుకుంటారు. లాగ్‌లో ఏదో తేడా కనిపిస్తుంది. చూశానని చెబితే మెడకి చుట్టుకుంటుందేమోనని ఊరుకుంటారు. సులభంగా మార్చగలిగిన పాత ఫంక్షన్‌ని ముట్టుకోకుండా పక్కనే అలాంటిదే ఇంకోటి రాస్తారు. ఇలా మూడు నెలలు గడిస్తే ప్రొడక్షన్ మళ్లీ పడుతుంది, ఈసారి మీ వల్లే కానక్కర్లేదు. మీ లీడ్ కేకలకి నాణ్యత పెరగడం లేదు, వచ్చే నెల సమస్య ఈ నెలలో కనపడకుండా పోతోంది, అంతే.

ఇక ఆ గంట సంగతి. ప్రొడక్షన్‌ని పడేయని డెవలపర్‌ని నేనింతవరకు చూడలేదు. పడేయలేదని చెప్పేవాళ్లకి చాలావరకు ప్రొడక్షన్ యాక్సెస్ ఉండి ఉండదు. పెద్ద కంపెనీల్లో జరిగినవి రెండు చెప్తాను, రెండూ 2017 మొదటి రెండు నెలల్లోవే.

జనవరి 31న, డెవలపర్లు కోడ్ దాచుకునే సేవ నడిపే గిట్‌ల్యాబ్‌లో ఒక ఇంజనీరు రాత్రిపూట డేటాబేస్ సమస్యతో కుస్తీపడుతూ, ఒక సర్వర్ అనుకుని ఇంకో సర్వర్‌లో డేటా డైరెక్టరీ తీసేశారు. ఆ సర్వరే ప్రొడక్షన్. సుమారు 300 జీబీ తుడిచిపెట్టుకుపోయింది. బ్యాకప్‌ల కోసం చూస్తే ఐదు పద్ధతుల్లో ఒక్కటీ సరిగ్గా పనిచేయడం లేదని బయటపడింది. దాదాపు ఆరు గంటల డేటా తిరిగి రానేలేదు. కంపెనీ ఆ రికవరీ పనిని యూట్యూబ్‌లో లైవ్ పెట్టింది, తర్వాత మొత్తం వివరం రాసి ప్రచురించింది. అందులో ఆ ఇంజనీరు పేరు లేదు, "టీమ్ మెంబర్ 1" అని ఉంది. వాళ్లు తవ్వుకుంటూ వెళ్లిన ప్రశ్నలు వేరు. బ్యాకప్ ఎందుకు ఫెయిలవుతోంది? ఫెయిలైనట్టు మెయిల్ రావాలి కదా, ఎందుకు రాలేదు? ఆ మెయిల్స్‌ని రిసీవింగ్ సర్వర్ తిప్పికొడుతోందని, అందుకే ఎవరికీ తెలియలేదని అప్పుడు తేలింది. "ఎవరు చేశారు?" దగ్గర ఆగిపోయి ఉంటే ఆ మెయిల్ సంగతి ఎప్పటికీ బయటపడేది కాదు.

నాలుగు వారాలు తిరిగేసరికి ఫిబ్రవరి 28న అమెజాన్ ఎస్3 (కంపెనీలు డేటా దాచుకునే క్లౌడ్ సేవ) పడిపోయింది, దాని మీద నడిచే బోలెడు వెబ్‌సైట్లు గంటల తరబడి ఆగిపోయాయి. కొన్ని సర్వర్లు తీసేయడానికి ఇచ్చిన కమాండ్‌లో ఒక ఇన్‌పుట్ తప్పుగా కొట్టారు, అనుకున్నదానికంటే చాలా ఎక్కువ సర్వర్లు పోయాయి. అమెజాన్ తర్వాత ప్రకటించిన మార్పు ఏమిటంటే, ఆ టూల్ ఇకమీదట సర్వర్లను నెమ్మదిగా తీస్తుంది, కనీస స్థాయి కిందికి దిగేలా ఉంటే ఒప్పుకోదు. చెయ్యి జారడం మనిషికి సహజం కాబట్టి జారినా నష్టం రాకుండా టూల్ మార్చారు.

మీ టీమ్ ఇలా కారణం తవ్వే పని చేయలేదు కాబట్టి మీరే చేయండి. రెండు నెలలు దాటినా పరవాలేదు. ఒక పేజీ రాయండి. ఎన్నింటికి డిప్లాయ్ అయింది, మొదటి ఎర్రర్ ఎన్నింటికి వచ్చింది, అలర్ట్ వచ్చిందా లేక ఎవరో ఫోన్ చేస్తే తెలిసిందా, రోల్‌బ్యాక్‌కి (పాత కోడ్‌కి వెనక్కి వెళ్లడానికి) ఎంతసేపు పట్టింది, ఎందుకు అంతసేపు పట్టింది. టెస్ట్‌లో ఎందుకు దొరకలేదు, రివ్యూ చేసినవాళ్లకి ఎందుకు కనిపించలేదు. చివర్న రెండు మార్పులు సూచించండి, రెండు చాలు. ఎక్కడా ఎవరి పేరూ వద్దు, మీ పేరు కూడా. క్షమాపణ వాక్యాలు రాస్తుంటే కొట్టేయండి.

ఇది రాస్తే మొదట మీ చెయ్యి వణుకుడు కొంత తగ్గుతుంది. "నేను పనికిరాను" అనే గుబులు "మైగ్రేషన్ (డేటాబేస్ మార్పు) ముందు నడిచింది, కోడ్ తర్వాత వెళ్లింది" లాంటి వాక్యంగా మారిపోతే దాన్ని చూసి భయపడటం కష్టం. తర్వాత దాన్ని టీమ్‌కి పంపండి. ఎవరు చదివారు, ఎవరు ఏమన్నారు, ఆ రెండు మార్పుల్లో ఒక్కదానికైనా టికెట్ పడిందా చూడండి. మీ ఉద్యోగం గురించి మీరు నన్నడిగిన ప్రశ్నకి ఆ స్పందనలో సగం జవాబు ఉంటుంది.

స్క్రీన్‌షాట్ల విషయం. ముందుగా ఒక చేదు పని చేయండి, గత రెండు నెలల్లో ఆయన ఎగతాళి చేసిన కోడ్ ముక్కలన్నీ తీసి చల్లగా చదవండి. (ఆయనో ఆవిడో మీరు రాయలేదు, ఆయన అనుకుంటున్నాను.) కొన్నిచోట్ల ఆయన చెప్పిన విషయం సరైనదే అయి ఉంటుంది. విషయం తీసుకోండి, తీరుని ఆయనకే వదిలేయండి. ఎగతాళి చేశారు కాబట్టి చెప్పిందంతా తప్పని అనుకుంటే నష్టపోయేది మీరే. తర్వాతిసారి గ్రూపులో పెట్టినప్పుడు మౌనంగా ఉండొద్దు, గొడవా పడొద్దు. ఇలా రాయండి: "నేనే రాశాను. లూప్‌లో ప్రతిసారీ డేటాబేస్‌కి వెళ్తోంది, మీరనేది అదేనా? అయితే ఒకే క్వెరీగా మార్చి సాయంత్రానికి పెడతాను. ఇంకా ఏమైనా ఉంటే పుల్ రిక్వెస్ట్‌లోనే రాయగలరా, తర్వాత చూసేవాళ్లకి పనికొస్తుంది." ఎగతాళి నడవాలంటే ఎదుటి మనిషి కుంచించుకుపోవాలి. ఎవరో వచ్చి మామూలు గొంతుతో లైన్ నంబర్ అడిగితే నవ్వే బొమ్మలకి చోటుండదు.

ఆ వారంలోనే ఆయనతో విడిగా మాట్లాడండి, వన్-ఆన్-వన్ ఉంటే అందులో. "మీరు నన్ను అవమానిస్తున్నారు" అని మొదలుపెడితే "నేనలా అనుకోలేదే" అంటారు, మాట అక్కడితో ఆగిపోతుంది. జరిగినదాన్ని జరిగినట్టు చెప్పండి: "నా కోడ్ గ్రూపులో పెట్టినప్పుడు నేను సందేహాలు అడగడం మానేస్తున్నాను. దానివల్ల పోయిన వారం ఫలానా పని ఒక రోజు ఆలస్యమైంది. తప్పులుంటే రివ్యూలో ఎంత గట్టిగా రాసినా పరవాలేదు, గ్రూపులో వద్దు." అడిగింది చిన్నది, స్పష్టమైనది, ఆయనకి ఖర్చు లేనిది. కొంతమంది లీడ్లు నిజంగా తెలియక చేస్తారు, వాళ్ల మొదటి లీడ్ వాళ్లని అలాగే పెంచి ఉంటారు. అలాంటివాళ్లు తడబడతారు, కాస్త సర్దుకుంటారు. ఇంకొందరు "ఇంత చిన్న విషయానికా!" అని నవ్వి, మర్నాడు గ్రూపులో మీ ఫిర్యాదు మీదే జోకేస్తారు. ఆ జోకు పడిందంటే ఇక ఆయన్ని మార్చే ప్రయత్నం మీద సమయం వృథా చేయొద్దు.

"తెలివైన ఇంజనీర్లు కోపిష్టులే, లైనక్స్ చేసినాయన చూడు" అనే వాదన మీకు ఎదురవుతుంది, రాసిపెట్టుకోండి. ఆ వాదన చేసేవాళ్లు సగం కథే చెబుతారు. లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ మొదలుపెట్టిన లైనస్ టోర్వాల్డ్స్ మెయిల్స్‌లో మనుషుల్ని కడిగిపారేస్తారని దశాబ్దాలుగా పేరు. 2018 సెప్టెంబరులో ఆయనే తన తీరు వృత్తికి తగినది కాదని బహిరంగంగా రాసి, క్షమాపణ చెప్పి, కొన్నాళ్లు పని నుంచి పక్కకి తప్పుకున్నారు. లైనక్స్ కెర్నల్ (ఆ సిస్టమ్ గుండెకాయ) ప్రాజెక్టుకి ప్రవర్తనా నియమావళి వచ్చింది కూడా అప్పుడే. కెర్నల్ ఆగిపోలేదు. అసలు మీ లీడ్‌కీ టోర్వాల్డ్స్‌కీ పోలిక ఉంటే అది కోపం వరకేనని నా అనుమానం.

రాత్రి మెసేజ్‌లకి నా దగ్గరున్న చిట్కా చిన్నది. "ఎనిమిది తర్వాత నేను మెసేజ్‌లు చూడటం లేదు, ప్రొడక్షన్‌లో ఏదైనా ఆగిపోతే నేరుగా ఫోన్ చేయండి, ఎత్తుతాను" అని ఒకసారి అందరికీ చెప్పి అలాగే చేయండి. నిజమైన అవసరానికి దారి తెరిచే ఉంచారు కాబట్టి ఎవరూ వేలెత్తి చూపలేరు. పదకొండింటికి మెసేజ్ కొట్టడానికి ఆలోచించని మనిషి ఫోన్ చేయడానికి మాత్రం రెండుసార్లు ఆలోచిస్తాడు. ఫోన్లూ మొదలైతే, అవి నిజంగా అత్యవసరాలైతే, మీ టీమ్‌కి ఆన్‌కాల్ వంతులు, అంటే అత్యవసరానికి ఎవరు ఎప్పుడు సిద్ధంగా ఉండాలో ముందే పంచుకోవడం, కావాలి. వంతుల్లేకుండా అందరూ ఎప్పుడూ సిద్ధంగా ఉండటాన్ని అంకితభావం అంటారు కొందరు, నేను ప్లానింగ్ లేకపోవడం అంటాను. గూగుల్ తన సర్వీసులు ఆగకుండా చూసే ఎస్ఆర్ఈ బృందాలకి పెట్టుకున్న లెక్కలో పన్నెండు గంటల ఆన్‌కాల్ షిఫ్ట్‌కి రెండు ఇన్సిడెంట్లు మించకూడదు, ఎందుకంటే ఒక్కోదాన్నీ సరిచేసి, కారణం రాసి, మళ్లీ రాకుండా చూడటానికి అంత సమయం పడుతుంది. వారానికి 55 గంటలు, అంతకు మించి పనిచేసేవాళ్లకి పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో తేల్చాయి. పోలిక వారానికి 35 నుంచి 40 గంటలు పనిచేసేవాళ్లతో. ఇరవై నాలుగేళ్లకి ఇవేమీ చెవికెక్కవు, అయినా చెప్పడం నా వంతు.

ఇప్పుడు ఆ అమ్మాయి విషయం. నిజం చెప్పాలంటే మీ ఉత్తరంలో నాకు ధైర్యం కలిగించింది ఇదే, మీరు దాన్ని రాశారు కాబట్టి. ఇలాంటి టీముల్లో ఎక్కువమంది అది గమనించను కూడా గమనించరు. తాము పడ్డ మాట ఇంకొకరికి అప్పజెప్పి తేలికపడతారు, నాలుగేళ్లకి వాళ్లే లీడ్లవుతారు. రేపు ఆఫీసుకి వెళ్లగానే ఆ అమ్మాయి దగ్గరికి వెళ్లి, "ఆ రోజు మీరు అడిగినదానికి నేను మాట్లాడిన తీరు బాగాలేదు, సారీ. మీరడిగింది మంచి ప్రశ్నే, రండి చూద్దాం" అనండి. మీ కష్టాలు ఏకరువు పెట్టొద్దు, "నాకూ ఒత్తిడి ఎక్కువైంది" అని కలపొద్దు, అది సంజాయిషీ అయిపోతుంది. కూర్చుని ఆ ప్రశ్నకి జవాబు చెప్పండి. జవాబు మీకూ తెలియకపోతే ఇంకా మంచిది, ఇద్దరూ కలిసి వెతకండి.

అక్కడితో ఆగొద్దు. మీ పుల్ రిక్వెస్ట్ గ్రూపులోకి వెళ్లేముందు ఆ అమ్మాయిని చూడమనండి, ఆవిడది మీరు చూడండి. వారానికి రెండుసార్లు అరగంట చాలు. ఆ అరగంటలో ఎంత తెలివితక్కువ ప్రశ్నయినా అడగొచ్చని ముందే అనుకోండి. పెద్దపెద్ద టీముల్ని మార్చే అధికారం మీకు లేదు. ఇద్దరి మధ్య వాతావరణం మార్చడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. మీరు పోగొట్టుకున్న అడిగే అలవాటు తిరిగొచ్చేది కూడా ఇక్కడే. మూడోవాళ్లు వచ్చి చేరితే చేర్చుకోండి. గ్రూపులో నవ్వే బొమ్మలు పెట్టేవాళ్లలో సగం మంది రేపు తమ వంతని భయపడి పెడుతున్నవాళ్లే అయి ఉంటారు.

ఇలా ఉన్నది మీ లీడ్ ఒక్కరేనా, కంపెనీ మొత్తం ఇంతేనా అన్నది తెలుసుకోవాలి. పక్క టీముల్లో మీతో చేరినవాళ్లని అడగండి, "మీ రివ్యూలు ఎలా ఉంటాయి?" అని మామూలుగా. అక్కడ బాగుంటే అంతర్గత బదిలీ మీకున్న చౌకైన దారి. జీతం, సీనియారిటీ పోవు, ఇంటర్వ్యూ తేలిక. మీ లీడ్ పైన ఉన్న మేనేజర్‌కి ఇదంతా తెలిసీ ప్రతి ఏడాదీ ఆయనకి మంచి రేటింగ్ ఇస్తున్నారంటే మాత్రం, కంపెనీ కోరుకుంటున్నది అదేనని అర్థం చేసుకోండి. గోడ మీద ఏ విలువలు అతికించినా కంపెనీ విలువలు ప్రమోషన్ల జాబితాలో ఉంటాయి.

ఈలోగా ఒక సొంత నోట్‌బుక్ పెట్టుకోండి, ఆఫీసు లాప్‌టాప్‌లో వద్దు. జరిగింది జరిగినట్టు, విశేషణాలు లేకుండా. "మంగళవారం స్టాండప్. రాత్రి 11:10కి వచ్చిన మెసేజ్‌కి ఉదయం 7:30కి జవాబిచ్చాను. 'కొందరికి నిద్ర ముఖ్యం' అన్నారు. ఎనిమిది మంది ఉన్నారు. నేనేమీ అనలేదు." ఇలా. కంపెనీ కోడ్, క్లయింట్ డేటా, అంతర్గత డాక్యుమెంట్లు మాత్రం పొరపాటున కూడా సొంత మెయిల్‌కి పంపుకోవద్దు. ఫిర్యాదు మీది అయినా చర్య మీ మీదే పడుతుంది.

హెచ్‌ఆర్ కంపెనీ కోసం పనిచేసే విభాగం. అది తిట్టేమీ కాదు, వాళ్ల ఉద్యోగమే అది. "మా లీడ్ మంచివారు కాదు" అని వెళితే సానుభూతి చూపి పంపేస్తారు. ఫలానా తేదీల్లో ఇలా జరిగింది, ఫలానా రోజు ఆయనతో మాట్లాడాను, ఆ తర్వాతా ఆగలేదు, కంపెనీ నియమావళిలో ఫలానా అంశానికి ఇది విరుద్ధం అని రాతపూర్వకంగా ఇస్తే కదలక తప్పదు. లైంగిక వేధింపు, బెదిరింపు, దొంగ లెక్కలు రాయమనడం లాంటివైతే పైన చెప్పిన వన్-ఆన్-వన్లు, ఓపికలు ఏవీ వద్దు. నేరుగా రాతపూర్వక ఫిర్యాదు, అవసరమైతే లాయరు. మీ ఉత్తరంలో అలాంటివి లేవు, ఉండి రాయకపోతే అనుకుని చెబుతున్నాను.

ఉండాలా మానాలా అన్నారు. నా అంచనా సూటిగా చెబుతాను: ఈ లీడ్ మారరు, మీరు ఆరు నెలల్లోపు టీమ్ అయినా కంపెనీ అయినా మారతారు. నా అంచనా తప్పయితే సంతోషమే. అందుకని ఇవాళే రాజీనామా కొట్టమనడం లేదు. ఆ పేజీ రాయడం, ఆయనతో మాట్లాడటం, ఆ అమ్మాయితో కూర్చోవడం, వీటికి రెండు నెలలు గడువు పెట్టుకోండి. అదే రెండు నెలల్లో రెజ్యూమె సరిచేసుకుని ఇంటర్వ్యూలకి వెళ్లండి. ఒకటి తేలాక ఇంకోటి అనుకుంటే ఏదీ తేలదు. చేతిలో ఇంకో ఆఫర్ ఉన్నరోజు ఆయన స్క్రీన్‌షాట్ ఎంత చిన్నగా కనిపిస్తుందో మీకే తెలుస్తుంది. ఆఫర్ లెటర్‌లో నోటీస్ పీరియడ్ ఎంతో, వేరే షరతులేమైనా ఉన్నాయో ఇప్పుడే తీసి చదవండి, కోపంలో ఉన్నప్పుడు కాదు.

"రెండేళ్లు" అన్న లెక్క ఎక్కడినుంచి వచ్చిందో గానీ దానికంత విలువ లేదు. ఏడాదిన్నరకి మారడం ఇప్పుడు ఎవరికీ వింతగా అనిపించదు. "ఎక్కడైనా ఇంతే" అనే స్నేహితులు తామున్న ఒకటి రెండు చోట్లు చూసి అంటున్నారు. వాళ్ల మాటని ప్రేమగా తీసుకోండి, సమాచారంగా తీసుకోవద్దు.

గడువుకి ఒక మినహాయింపు ఉంది. పని ఒత్తిడితో వచ్చే బర్నౌట్‌ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో తన వ్యాధుల వర్గీకరణ ఐసీడీ-11లో వివరించింది. జబ్బుగా కాదు, పనికి సంబంధించిన స్థితిగా. గుర్తులు మూడు చెప్పింది: శక్తి అంతా ఆవిరైపోయినట్టు ఉండటం, పని మీద విరక్తి, ఏదీ సరిగా చేయలేకపోతున్నానన్న భావన. మీకు మొదటిదీ మూడోదీ కనిపిస్తున్నాయి, "పని ఇష్టమే" అన్నారు కాబట్టి రెండోది ఇంకా రాలేదు. నిద్ర పట్టకపోవడం, తినలేకపోవడం, ఉదయాన్నే ఏడుపు రావడం లాంటివి వారాల తరబడి ఉంటే డాక్టర్ని కలవండి, చేతిలో ఆఫర్ లేకపోయినా మానేయడం గురించి ఇంట్లో మాట్లాడండి. కొన్ని నెలల ఖర్చులకి సరిపడా దాచుకున్నది ఉంటే ఆ మాట తేలికవుతుంది. బతకాలని లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ఎవరికో ఒకరికి ఆ రోజే చెప్పండి.

ఇంటర్వ్యూల్లో పాత లీడ్ గురించి ఒక్క మాటా వద్దు. ఎందుకు మారుతున్నారంటే "రివ్యూలు బాగా జరిగే చోట నేర్చుకోవాలనుంది" చాలు, అది అబద్ధం కాదు. ప్రొడక్షన్ ఆగిన సంగతి మీద మీరు రాసుకున్న పేజీ అక్కడ పనికొస్తుంది, కంపెనీ రహస్యాలు తీసేసి చెప్పండి. మంచి ఇంటర్వ్యూయర్లు "మీరు చేసిన పెద్ద తప్పేమిటి?" అని అడిగి, జవాబు శ్రద్ధగా వింటారు. మీరు అడగడానికి అవకాశం ఇచ్చినప్పుడు సెలవులెన్ని, ఆఫీసుకి ఎన్ని రోజులు రావాలి అనేవి హెచ్‌ఆర్‌కి వదిలేయండి. రేపు మీతో పనిచేయబోయే డెవలపర్‌తో ఒక పావుగంట మాట్లాడించమనండి, ఇవ్వనంటే అదీ ఒక సమాచారమే. ఆ మనిషిని ఇలా అడగండి: "మీ దగ్గర చివరిసారి ప్రొడక్షన్ పడినప్పుడు ఏం జరిగింది? దాని తర్వాత ఏం మార్చారు?" అలర్ట్ గురించో, టెస్ట్ గురించో, రోల్‌బ్యాక్ స్క్రిప్ట్ గురించో చెబితే శ్రద్ధగా వినండి. "ఇక్కడ అలాంటివి జరగవండీ" అంటే అనుమానించండి. "కొత్తగా వచ్చిన ఒకతను చేశాడు, ఇప్పుడతను లేడు" అంటే, జీతం ఎంత ఇస్తామన్నా ఆ ఆఫర్ మీద సంతకం పెట్టకండి.